పెద్దవదిన కొలత

మా పెద్దవదినకి ఓర్వలేనితనం ఎక్కువ. ఈ మాట నేనంటే తప్పు లేదు, ఆడపడుచుని, ఆ హక్కు నాకుంది. బయటివాళ్ళెవరైనా అంటే మాత్రం వాళ్ళ నోరు మూయించే దాకా ఊరుకోను. ఎదురింటి కిటికీకి కొత్త కర్టెను కనిపిస్తే ఆ పూట ఆవిడకి తిండి సహించదు. నేను చెప్పులు కొనుక్కుంటే ఓసారి కిందికి చూసి, "బాగానే ఉన్నాయి, నీ కాళ్ళే కాస్త పెద్దవి" అంటుంది. అలాంటి మనిషి ఒక్క విషయంలో మాత్రం ఎవర్నీ చూసి కుళ్ళుకునే అవసరం లేకుండా చాలా ఏళ్ళు బతికింది. అది పిట్ట రెక్క కొలవడం.

మేం పనిచేసేది పక్షుల అధ్యయన కేంద్రంలో. అంత పొడుగు పేరు బోర్డు మీద తప్ప ఎవరి నోట్లోనూ లేదు, అందరూ పిట్టలాఫీసనే అంటారు. ఏరు సముద్రంలో కలిసే చోట, రెల్లు పొదల పక్కన, ఒకప్పుడు పంపుహౌసుగా ఉన్న కట్టడం అది. పంపులు పీకేసిన గదిలో ఓ పొడుగాటి బల్ల, గోడకి వరసగా కొక్కేలు, కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంటాయి. కిటికీ అద్దంలో కింద చిన్న తలుపు కోయించారు, కొలత అయిపోయిన పిట్టని అందులోంచే వదిలేస్తారు. ఆఫీసు వెనకే మా క్వార్టర్లు. ఒకదాంట్లో పెద్దన్నయ్య, వదిన. పక్కదాంట్లో చిన్నన్నయ్య. చివరి గది నాది. పెద్దన్నయ్య పడవ, జనరేటరు చూసుకుంటాడు. చిన్నన్నయ్య బండి నడుపుతాడు. నేను వలల మనిషిని.

చలికాలం ముందు ఎక్కడెక్కడి పిట్టలో మా రెల్లు మీదుగా పోతూ రెండు పూటలు ఆగి కడుపు నింపుకుంటాయి. వాటి కోసం కంటికి ఆనని సన్నటి వలలు కడతాం. ప్రతి ఏడూ అవే గుంజలు, అదే ఎత్తు, అదే చోటు. ఒకసారి బురద ఎక్కువగా ఉందని ఒక వలని నాలుగడుగులు ఇవతలికి జరిపితే మా పెద్దసారు నన్ను నిలబెట్టి పాఠం చెప్పారు. "చోటు మారిందనుకో, పిట్టలు తగ్గాయో మనమే తప్పు చోట వెతికామో ఎవరు చెప్తారు?" అన్నారు. ఆయనకి కొంగసారు అని పేరు పెట్టింది నేనే. పొడుగు కాళ్ళు, మెడ ముందుకు చాచి నడక, నీళ్ళ దగ్గర నిలబడితే గంటసేపు ఉలుకూ పలుకూ ఉండదు. ఆ పేరు సంగతి ఆయనకీ తెలుసు, పట్టించుకోరు.

వలలో పడ్డ పిట్టని ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, చివర్న తల, అలా విడిపించి గుడ్డసంచీలో వేసి తెచ్చి కొక్కేనికి తగిలించడం దాకా నా పని. అక్కణ్ణించి పెద్దవదిన రాజ్యం. సంచీలో చెయ్యి పెట్టి, మెడ రెండు వేళ్ళ మధ్య ఉండేట్టు పిట్టని పైకి తీస్తుంది. కాలికి గింజంత రింగు తొడిగి నొక్కుతుంది. ఆ రింగు మీద నంబరుంటుంది, లోకంలో ఎక్కడ మళ్ళీ ఎవరికి దొరికినా అది మా దగ్గరికొచ్చిన పిట్టేనని తెలిసిపోతుంది. తర్వాత రెక్కని స్కేలు మీద పరిచి ఎన్ని మిల్లీమీటర్లో పైకి చెప్తుంది. పొట్ట మీద ఈకలు నోటితో ఊది, చర్మం కింద పసుపురంగు కొవ్వు ఎంత పట్టిందో చూస్తుంది. తూకం వేసి, కిటికీ తలుపు తీసి వదిలేస్తుంది. మీరు టీ కప్పు కింద పెట్టి మళ్ళీ ఎత్తేలోగా ఇదంతా అయిపోతుంది.

పెళ్ళై వచ్చిన కొత్తలో ఆవిడకి కోడిని చూసినా భయమేనట. పాతసారు అంకెలు రాసి పెట్టడానికి మనిషి కావాలంటే అన్నయ్య తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. రాయడం నుంచి పట్టుకోవడానికి, పట్టుకోవడం నుంచి కొలవడానికి ఎదిగింది. పాతసారు వెళ్ళిపోయారు, కొంగసారు వచ్చారు, కుర్చీలో ఆవిడే ఉంది. ఆకుపిట్ట అని మేం పిలుచుకునే చిన్న ఆకుపచ్చ పిట్ట ఒకటుంది, మా వలల్లో ఎక్కువగా పడేది అదే. ఇన్నేళ్ళలో దాని రెక్క కొలిచింది ఆవిడ ఒక్కతే. పిల్లల్లేరని ఎవరైనా జాలిపడబోతే, "నా చేతుల మీదుగా ఎంతమంది వెళ్ళారో మీకేం తెలుసు" అని వాళ్ళ మొహాన్నే అనేది. నాకు ఆవిడ మీద ప్రేమ ఆ మాటతోనే ఎక్కువైంది.

అప్పుడు చిన్నన్నయ్య పెళ్ళి చేసుకున్నాడు.

చిన్నవదిన వచ్చిన వారానికే ఆఫీసు గుమ్మంలో నిలబడి, "నాకూ నేర్పండక్కా" అంది. పెద్దవదిన తలెత్తకుండానే, "కొత్త మనుషులుంటే పిట్టలు బెదురుతాయి, తలుపు వేసుకుని వెళ్ళు" అంది. పిట్టలు బెదరలేదు, బెదిరింది ఆవిడే. దాంతో కొంగసారే నేర్పారు. మరుసటి ఏడాది వలలు కట్టేసరికి ఇద్దరికీ రోజు మార్చి రోజు వంతులు పడ్డాయి.

ఇంక చూడండి నా అవస్థ. పెద్దవదిన వేళ్ళు కొరికి కొరికి పెట్టే పిట్టలు చిన్నవదిన చేతిలో బుద్ధిమంతుల్లా కూర్చునేవి. చూడ్డానికొచ్చిన వాళ్ళు చిన్నవదిన చుట్టూ మూగేవాళ్ళు. పెద్దవదిన తన వంతు అయిపోగానే కుర్చీలో దిండు చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయేది. రింగులు నొక్కే పట్టకారు రెండుసార్లు మాయమైంది, రెండుసార్లూ ఆవిడ వంటింట్లో దొరికింది. "అంట్లతో కలిసి వచ్చేసి ఉంటుంది" అంది, ఆఫీసులో అంట్లు ఎక్కడివో మరి. చిన్నవదిన ఏమీ అనేది కాదు. అనకపోవడమే పెద్దవదినకి ఇంకా మంట. "చూడు, ఎంత మంచిదానిలా నటిస్తోందో!" అని నా చెవిలో పోరేది.

అసలు నిప్పు రాజుకుంది ఒక మెయిలు వల్ల. ఎక్కడో సముద్రాల అవతల మాలాంటిదే ఒక పిట్టలాఫీసు. వాళ్ళ వలలో ఒక ఆకుపిట్ట పడింది, దాని కాలికి మా రింగు ఉంది. అంత దూరంలో మా పిట్ట దొరకడం అదే మొదలు. అవి ఏ దారిన పోతాయో ఇన్నాళ్ళూ ఊహే తప్ప ఎవరికీ రుజువు లేదు. కొంగసారు పొడుగు కాళ్ళతో పరుగెత్తుకుంటూ వచ్చి చదివి వినిపించారు. ఆ రింగు తొడిగింది చిన్నవదిన.

అందరం చప్పట్లు కొట్టాం. పెద్దవదిన కూడా కొట్టింది, దోమని చంపినట్టు. ఆ సాయంత్రం నా గదికొచ్చి మంచం మీద కూలబడింది.

"నేను తొడిగినవన్నీ సముద్రంలో పడి చచ్చాయా అమ్మాయ్?"

"అదృష్టం వదినా. ఎవరి పిట్ట ఎవరి వలలో పడుతుందో మన చేతిలో ఉందా?"

"దానికే ఎందుకుండాలి అదృష్టం? నిన్న కాక మొన్న వచ్చింది. నా కళ్ళల్లో నిప్పులు పోసినట్టుంది, తెలుసా?"

అంత సూటిగా చెప్పేసరికి నాకు వేళాకోళం చెయ్యబుద్ధి కాలేదు. ఆవిడ ఏడవలేదు. నా దుప్పటి అంచు పోగులు ఒక్కొక్కటీ పీకుతూ కూర్చుంది. నిజం చెప్పాలంటే నాకూ కాస్త మండింది. ఆ పిట్టలన్నిటినీ, అంటే దూరం పోయినదాన్నీ పోనివాటినీ, వలలోంచి విడిపించింది నేనే కదా. కానీ వలల మనిషిని చూసి ఎవరూ కుళ్ళుకోరు, వలల మనిషి కుళ్ళుకున్నా ఎవరికీ పట్టదు.

వలల కాలం సగం గడిచాక కొంగసారు కంప్యూటరు ముందు కూర్చుని ఎగిరి గంతేశారు. ఆకుపిట్టల రెక్కలు పెరుగుతున్నాయట! ఇన్నేళ్ళూ తిన్నగా వస్తున్న కొలతల గీత ఈ ఏడు పైకి లేచింది. తేడా ఒక మిల్లీమీటరే, కానీ ఆయన మొహం పెళ్ళికొడుకులా వెలిగిపోయింది. ఇంకా దూరం ఎగరాల్సి వస్తోందేమో, అందుకే రెక్కలు సాగుతున్నాయేమో అని రెండు రోజులు అందరికీ చెప్పుకున్నారు. మూడో రోజు వెలుగు ఆరిపోయింది. రెక్కలు పెరిగింది రోజు మార్చి రోజు. చిన్నవదిన వంతు రోజుల్లోనే.

మా అందర్నీ బల్ల దగ్గరికి పిలిచారు. "పిట్టల రెక్కలు పెరగలేదు. మీ ఇద్దరి చేతుల్లో తేడా ఉంది" అని మొదలుపెట్టారు. పెద్దవదిన పరిచినప్పుడు రెక్క తన వంపు తను ఉంచుకుంటుంది. చిన్నవదిన బొటనవేలితో చివరిదాకా సాపు చేస్తుంది, సారు దగ్గర నేర్చుకున్న పద్ధతి. అందుకే ఆ మిల్లీమీటరు. "ఇకనుంచి ఆకుపిట్ట రెక్క ఒక్కరే కొలవాలి. నాలుగు రోజులాగి ఇద్దరూ అవే పిట్టల్ని విడివిడిగా కొలవండి, చూసి చెప్తాను" అన్నారు.

పెద్దవదిన అక్కడిదాకానే విన్నది. "తేడా నా చేతిలో ఉందంటారు, అంతేగా? ఇన్నేళ్ళు తప్పు కొలిచానంటారు!" అని ఒంటికాలి మీద లేచింది. సారు "అమ్మా, ఒక్కమాట" అంటుండగానే తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయింది. ఆయన మిగతాది మాకు చెప్పారు. వెనక నేను వెళ్ళి కిటికీలోంచి, "వదినా, సారు ఇంకా ఏదో చెప్పారు, విను" అన్నాను. "నువ్వు దాని తరఫున రాయబారం తేకు" అని కిటికీ రెక్కలు మూసేసింది. నాకూ కోపమొచ్చింది. వినకపోతే నీ ఖర్మ అనుకుని వలల దగ్గరికి పోయాను. ఏమైనా తన కొలత తను కొలిస్తే చాలు, వినకపోయినా గెలుపు ఆవిడదేనని నా ధీమా.

ఆ నాలుగు రోజులూ పెద్దవదిన వంటింట్లో కొత్త వాసన. అద్దానికి కొట్టుకుని చచ్చిన పిట్టల్ని ఆఫీసు ఫ్రీజరులో దాస్తాం, వాటినుంచి నేర్చుకునేది చాలా ఉంటుంది. అందులోంచి ఒక ఆకుపిట్టని తెచ్చుకుంది. అన్నయ్య పాల కోసం ఫ్రిజ్ తెరిచి, గిన్నె పక్కన కాళ్ళు పైకెత్తి పడుకున్న దాన్ని చూసి కేకపెట్టాడు. నేను వెళ్ళేసరికి ఆవిడ దీపం కింద స్కేలు పెట్టుకుని రెక్క పరుస్తోంది, తీస్తోంది, మళ్ళీ పరుస్తోంది. చేతికి సాధన చేసుకుంటోందనుకున్నాను. బొటనవేలు ఎటు పోతోందో చూడలేదు.

ఇటు చిన్నవదినకీ నిద్ర లేదు. పెద్దవదిన వంతు రోజున కొక్కేలకి సంచీలు తగిలించే వంకతో గదిలోకొచ్చి, గోడనానుకుని నిలబడి, రెప్పవెయ్యకుండా ఆవిడ చేతులే చూసేది. పెద్దవదినకి వీపు మీద చీమలు పాకినట్టుండి, "నీకింట్లో పనిలేదా" అని కసిరేది.

పరీక్ష రోజు గాలి లేదు, వలలు నిండాయి. నేను సంచీలు తెచ్చి ఇస్తుంటే ముందు ఒకరు, వాళ్ళు బయటికెళ్ళాక ఇంకొకరు కొలిచి చీటీ మీద రాసి సారుకిచ్చారు. పెద్దవదిన మొహం ప్రశాంతంగా ఉంది. చాలా నెలల తర్వాత ఆవిడ నాతో నవ్వుతూ మాట్లాడింది, "ఆ సంచీ ఉతికి ఎన్నాళ్ళయిందే" అని.

సారు చీటీలు కంప్యూటరులోకి ఎక్కించారు. ఇటు చూశారు, అటు చూశారు. "పాత గీత మీద పడ్డ కొలతలు చిన్నమ్మాయివి. పైకి లేచినవి మీవి" అని పెద్దవదిన వంక తిరిగారు. ఆవిడ కళ్ళు మెరిశాయి. పైకి లేవడమే గెలుపనుకుంది పిచ్చిది.

"అయితే కుర్చీ నాదే కదా సార్?"

"లేదమ్మా. ఏ కొలత ఒప్పో నాకక్కర్లేదు. ఇన్నేళ్ళ కొలతతో ఏది కలుస్తుందో అదే కావాలి. అది మారితే పిట్టలు మారాయో మనం మారామో ఎప్పటికీ తెలియదు. ఆ రోజు ఇదే చెప్పబోయాను."

 పెద్దవదిన మొహంలో రంగు దిగిపోవడం నాకు కనిపించింది. తర్వాత ఒక్కసారిగా బల్ల మీద అరిచేత్తో కొట్టింది.

"అవి నా అంకెలు కావు!"

"మరి ఎవరివి?" అన్నారు సారు.

"దానివి! దానిలా నొక్కాను. అదే ఒప్పని మీరన్నారనుకున్నాను. అది చూడండి, నా చెయ్యి ఎత్తుకుపోయింది, దొంగమొహంది!"

చిన్నవదిన అప్పటిదాకా గోడనానుకుని ఉంది. ఇన్నాళ్ళలో ఆవిడ గొంతు పెంచడం అదే వినడం. "మీరు నాది తీసుకున్నారుగా అక్కా! నేర్పమంటే తలుపు వేసుకోమన్నారు. మీ వెనక నిలబడి నేర్చుకున్నాను. ఆ కుర్చీ మీద నాకు కన్ను లేదనుకున్నారా? మొదటి రోజు నుంచీ ఉంది. దూరం పోయిన పిట్ట ఎవరిక్కావాలి? ఈ ఆఫీసులో ఎవరు ఏం చెప్పినా, పెద్దమ్మగారి చెయ్యి, పెద్దమ్మగారి చెయ్యి! వినీ వినీ నాకు ఒళ్ళు మండిపోయేది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ నిలబడ్డారు. తిట్టుకోవడానికి ఇంకేమీ మిగల్లేదు. నాకైతే ఇద్దరికీ చెరో చెంపదెబ్బ ఇవ్వాలనిపించింది, వదినలై బతికిపోయారు.

కొంగసారు మంచివారు. "రేపు మళ్ళీ కొలవండమ్మా, మీ పద్ధతిలోనే" అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. తెల్లవారి పెద్దవదిన దిండు తెచ్చుకుని కుర్చీలో కూర్చుంది. నేను తొలి సంచీ ఇచ్చాను. పిట్టని తీసింది, రింగు తొడిగింది, రెక్క పరిచింది. అక్కడ ఆగిపోయింది. బొటనవేలు కాస్త ముందుకెళ్ళింది, వెనక్కొచ్చింది, మళ్ళీ వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆవిడ ఆ వేలి గురించి ఒక్కసారీ ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచన తప్ప ఇంకేమీ లేదు. ఒక అంకె చెప్పింది, కాదని ఇంకోటి చెప్పింది. తర్వాతి పిట్టకీ అంతే. చిన్నవదిన గుమ్మంలో నిలబడి ఉంది. అక్కడ ఉండొద్దని నేను సైగ చేస్తే వెళ్ళిపోయింది. అయినా ఆ వేలు కుదురుకోలేదు.

మధ్యాహ్నానికి సారు గీత చూపించారు. కొన్ని కిందా కొన్ని పైనా, వడగళ్ళు చల్లినట్టు పడ్డాయి ఆవిడ అంకెలు.  ఆవిడే దిండు తీసుకుని లేచింది.

అప్పట్నించీ కుర్చీలో చిన్నవదిన ఉంటోంది. గీత మళ్ళీ తిన్నగా వస్తోంది. ఎక్కడెక్కడి పిట్టలాఫీసుల వాళ్ళో మా ఆకుపిట్టల లెక్క అడిగి తీసుకుంటున్నారు, ఇన్నేళ్ళుగా ఒకే తీరుగా కొలిచిన లెక్క తమ దగ్గర లేదంటున్నారు. పెద్దవదిన పని మానేస్తుందనుకున్నాం. మానలేదు. బల్లకి ఇవతల స్టూలు వేసుకుని అంకెలు రాస్తోంది, పెళ్ళైన కొత్తలోలా. మొహం మాడ్చుకునే ఉంటుంది. చిన్నవదినతో మాట అంకెల దగ్గర మొదలై అంకెల దగ్గరే ఆగిపోతుంది. పట్టకారు ఇంకా అప్పుడప్పుడూ మాయమవుతుంది.

మొన్న నేను సంచీలు తగిలిస్తూ చూశాను. చిన్నవదిన అంకె చెప్పింది, పెద్దవదిన రాయలేదు. పెన్ను పట్టుకుని ముందుకు వంగి, కళ్ళు ఆర్పకుండా ఆ చేతినే చూస్తోంది. కిటికీ తలుపు తెరుచుకుంది, పిట్ట వెళ్ళిపోయింది, ఆవిడ చూపు ఆ వేళ్ళ మీదే ఉంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. చిన్నవదిన చేతులు కడుక్కోవడానికి బయటికెళ్ళగానే దగ్గరికెళ్ళి అడిగేశాను.

"ఇంకా ఎన్నాళ్ళు వదినా దాన్నలా కళ్ళతో కాల్చుకు తింటావు? కుర్చీ ఎలాగూ పోయింది, వదిలెయ్యరాదూ?"

ఆవిడ నా మీద విసుక్కోలేదు. బల్ల మీదున్న ఖాళీ స్కేలు దగ్గరికి తీసుకుని, దాని మీద చెయ్యి పెట్టి, బొటనవేలు ఎక్కడ ఉంచాలో తెలియనట్టు గాల్లో ఆపింది.

"దాన్ని కాదే చూసేది. నేనెలా కొలిచేదాన్నో చూస్తున్నాను" అంది.